పాత జపాన్ బళ్లకు ఇప్పుడు చెబుతున్న ధర పెట్టొచ్చా? తరచుగా అడిగే ప్రశ్నలు

యమహా ఆర్‌ఎక్స్ 100, రాజ్‌దూత్ 350, సమురాయ్, షోగన్, కేబీ 100 లాంటి బళ్లు కొందామనుకునేవాళ్లు అడిగే ప్రశ్నలను ఇక్కడ ఒకచోట చేర్చాను. ఎక్కువ జవాబులు ఆర్‌ఎక్స్ 100 చుట్టూనే తిరుగుతాయి. మన దగ్గర పాత జపాన్ బండి అనగానే ముందు గుర్తొచ్చేది అదే కదా. ధరలు ఊరిని బట్టి, అమ్మేవాడి అవసరాన్ని బట్టి మారుతుంటాయి. అందుకే అంకె కంటే దాని వెనక ఉన్న సరుకు గురించే ఎక్కువ రాశాను.

ఆర్‌ఎక్స్ 100కి లక్ష, లక్షన్నర చెబుతున్నారు. అంత పెట్టొచ్చా?

కొన్ని బళ్లకు పెట్టొచ్చు. చాలా బళ్లకు పెట్టకూడదు.

పెయింటు, క్రోము, సీటు కవరు, స్టిక్కర్లు, పిస్టన్, క్లచ్ ప్లేట్లు డబ్బు పెడితే ఎప్పుడైనా దొరుకుతాయి. కొన్ని మాత్రం పోతే మళ్లీ రావు. ఆర్‌సీలో ఉన్న నంబర్లే ఇంజన్ మీదా ఛాసిస్ మీదా ఉండాలి. ట్యాంకు, మడ్‌గార్డులు, సైడు ప్యానెళ్లు కంపెనీ నుంచి వచ్చినవే అయ్యుండాలి. సిలిండర్ బ్లాకుకు ఇంకా బోరు, అంటే అరిగిన సిలిండర్‌ను కాస్త వెడల్పు చేయించే వీలు, మిగిలి ఉండాలి. కాగితాలు చెల్లుబాటులో ఉండాలి. ఇవన్నీ ఉన్న బండికి లక్ష ఇచ్చినా నాకు అన్యాయం అనిపించదు. అద్దంలా మెరిసే పెయింటు వేసి, లోపల ఇవేవీ లేని బండికి అరవై వేలు కూడా ఎక్కువే.

ఆర్‌ఎక్స్ 100 అరుదైన బండి కాదు. 1985లో మొదలై 1996 దాకా తయారైంది, ఊరూరా అమ్ముడైంది. ఇప్పుడు అరుదైపోయింది ఎవరూ చెయ్యి పెట్టని ఆర్‌ఎక్స్ 100. అమ్మేవాళ్లు ఆ రెండో బండి ధర చెప్పి మొదటిది చేతిలో పెడుతున్నారు. గొడవంతా అక్కడే.

అసలు వంద సీసీ బండికి ఇంత మోజు ఎందుకు?

బండిలో నిజంగానే విషయం ఉంది. 98 సీసీ టూ స్ట్రోక్ ఇంజన్, 11 హార్స్‌పవర్, బరువు నూటమూడు కిలోలు. అదే రోజుల్లో వచ్చిన వంద సీసీ ఫోర్ స్ట్రోక్ బళ్లు ఏడు, ఏడున్నర హార్స్‌పవర్ దగ్గరే ఆగిపోయాయి. పైగా దీనికి రీడ్ వాల్వు ఉంది. కార్బురేటర్ నుంచి లోపలికి వెళ్లిన మిశ్రమం వెనక్కి తన్నకుండా పల్చటి రేకులు అడ్డుపడతాయి. అందుకే తక్కువ స్పీడులో కూడా ఇంజన్ నీరసపడదు, సెకండ్ గేర్లో చెయ్యి తిప్పగానే ముందుకు దూకుతుంది. ఇప్పటి నూటపాతిక సీసీ బండి నడిపేవాళ్లు కూడా ఒకసారి ఎక్కి చూస్తే తేడా పట్టేస్తారు.

రెండో కారణం, ఆ బండి మళ్లీ రాదు. పొగ నిబంధనలు బిగుసుకునేకొద్దీ టూ స్ట్రోక్ మోటారు సైకిళ్లు ఒక్కొక్కటిగా ఆగిపోయాయి. ఆర్‌ఎక్స్ 135 కూడా 2005 ప్రాంతానికి వెళ్లిపోయింది. కాలేజీకి వెళ్లే రోజుల్లో ఆ బండి కొనలేకపోయినవాళ్ల దగ్గర ఇప్పుడు డబ్బుంది. సరుకు పెరగదు, కొనేవాళ్లు పెరిగారు.

"ఒరిజినల్ జపాన్ ఇంజన్" అని ముప్ఫై, నలభై వేలు ఎక్కువ అడుగుతున్నారు. నిజమేనా?

విషయంలో నిజం ఉంది. మొదట్లో యమహాతో కలిసి ఇక్కడ బళ్లు చేసిన ఎస్కార్ట్స్ వాళ్లు జపాన్ నుంచి కిట్లుగా వచ్చిన భాగాలను ఇక్కడ బిగించి అమ్మారు. ఆ తొలినాటి బళ్లలో కొన్ని భాగాల మీద మేడ్ ఇన్ జపాన్ అని పోత అక్షరాలు ఉంటాయి. ఆ తరవాత భాగాలు మెల్లగా ఇక్కడే తయారయ్యాయి.

అయితే ఆ అక్షరాలు ఆ ఒక్క భాగానికే సాక్ష్యం, మొత్తం బండికి కాదు. వేరే బండి నుంచి ఊడదీసి తెచ్చిన బ్లాకు మీద కూడా అవే అక్షరాలుంటాయి. తొలి సంవత్సరాల ఆర్‌సీ, దానికి సరిపోయే ఇంజన్ నంబరు, ఆ అక్షరాలు మూడూ కలిసి ఉంటే ఎక్కువ ఇవ్వడంలో అర్థం ఉంది. 1994 ఆర్‌సీ చేతిలో పెట్టి జపాన్ బ్లాకు అంటే, ఆ బండిలో ఇంకేమేం మారాయో అడగాల్సిన సమయం అది. నడిపేవాడికైతే, బాగా చూసుకున్న తొంభైల నాటి బండికీ దీనికీ పెద్ద తేడా తెలియదు.

కొనేముందు బండిలో ఏం చూడాలి?

వెళ్లేముందు అమ్మేవాళ్లకు ఫోన్ చేసి, "నేను వచ్చేదాకా స్టార్ట్ చేయకండి" అని చెప్పండి. వెళ్లగానే సిలిండర్ రెక్కల మీద చెయ్యి పెట్టి చూడండి. వేడిగా ఉంటే ముందే స్టార్ట్ చేసి సిద్ధం చేశారన్నమాట. చల్లగా ఉన్న ఇంజన్ ఎన్ని కిక్కులకు అందుకుంటుందో చూస్తే సగం చరిత్ర తెలిసిపోతుంది.

స్విచ్ ఆఫ్‌లో ఉంచి కిక్ రాడ్ మీద నెమ్మదిగా బరువు వేయండి. ఆగి ఆగి దిగాలి. ఏ అడ్డూ లేకుండా దిగిపోతే కంప్రెషన్ లేదు, బోరు పని ఉంది.

ఇక పొగ. టూ స్ట్రోక్ కాబట్టి స్టార్ట్ చేయగానే కాస్త పొగ రావడం మామూలే. ఐదారు నిమిషాలు తిప్పి, ఇంజన్ వేడెక్కాక కూడా తెల్లగా దట్టంగా వస్తుంటే అనుమానించాలి. ఈ ఇంజన్‌లో క్లచ్ వైపు, అంటే కుడి పక్క, క్రాంక్ షాఫ్టుకు ఒక ఆయిల్ సీల్ ఉంటుంది. అది గట్టిపడి పగిలితే గేర్ ఆయిల్‌ను ఇంజనే పీల్చుకుని కాల్చేస్తుంది. అమ్మేవాడు "2టీ ఆయిల్ కాస్త ఎక్కువ పడిందండీ" అంటాడు. 2టీ అంటే టూ స్ట్రోక్ ఇంజన్‌లో పెట్రోలుతో పాటు కాలే ఆయిల్. గేర్ ఆయిల్ ఎంత ఉందో చూస్తే ఎవరి మాట నిజమో తేలిపోతుంది. ఎడమ పక్క, మాగ్నెట్ వైపు సీల్ పోతే అక్కడి నుంచి గాలి లాగుతుంది, యాక్సిలరేటర్ ముట్టుకోకపోయినా ఐడిల్ దానంతట అదే పెరుగుతుంది. అలా గాలి ఎక్కువైన ఇంజన్ వేడెక్కి దారి మధ్యలో సీజ్ అయ్యే, అంటే పిస్టన్ పట్టేసి ఆగిపోయే, ప్రమాదం ఉంది. సీల్ ఖరీదు వందల్లోనే. కానీ క్రాంక్ బయటికి తీస్తే బేరింగులు, కనెక్టింగ్ రాడ్ అన్నీ కలిసి వస్తాయి, బిల్లు వేలల్లో తేలుతుంది.

బోరు ఎన్నోదో తప్పకుండా అడగండి. కంపెనీ నుంచి వచ్చినప్పుడు సిలిండర్ బోరు 50 మిల్లీమీటర్లు. ఒక్కో బోరుకు పావు మిల్లీమీటరు పెరుగుతుంది. ఓవర్‌సైజు అంకె పిస్టన్ నెత్తి మీద కొట్టి ఉంటుంది. హెడ్ విప్పడానికి అమ్మేవాడు ఒప్పుకుంటే విప్పించి చూడండి, నాలుగు బోల్టుల పని. స్టాండర్డ్ సైజులోనో మొదటి బోరులోనో ఉన్న అసలు బ్లాకు దొరికితే బేరం తక్కువ ఆడినా ఫర్వాలేదు. నాలుగో బోరు దాటిన బ్లాకుకు స్లీవు, అంటే లోపల కొత్త గొట్టం, వేయించడం తప్ప దారి లేదు. రేసుల పిచ్చిలో పోర్టులు, అంటే మిశ్రమం, పొగ వెళ్లే కంతలు, గీకించిన బ్లాకైతే అది ఇక మామూలు బండికి పనికిరాదు.

ట్యాంకు మూత తీసి టార్చి వేసి చూడండి. విశాఖ, కాకినాడ లాంటి సముద్రం ఒడ్డు ఊళ్లలో తిరిగిన బళ్లకు తుప్పు తొందరగా పడుతుంది. బయట కొత్త పెయింటు, లోపల ఎర్రటి పొడి ఉంటుంది. హ్యాండిల్ కింద ఫ్రేము మెడ దగ్గర వెల్డింగ్ గుర్తులుంటే అక్కడితో ఆపేయండి, ఇంకేమీ చూడక్కర్లేదు. టైరు పక్కన చిన్న గడిలో నాలుగంకెలు ఉంటాయి. 2316 అంటే 2016లో 23వ వారం. గీతలు బాగానే కనిపిస్తున్నా అంత పాత రబ్బరు మీద వానలో బ్రేకు వేయకూడదు.

ఫుల్ రీస్టోర్ చేసిన బండి కొనాలా, మూల పడున్నది కొని చేయించుకోవాలా?

కాగితాలు సరిగ్గా ఉంటే నా ఓటు మూల పడున్న బండికే. అందులో ఏముందో, ఏం లేదో కంటికి కనిపిస్తుంది. రీస్టోర్ చేసిన బండిలో పుట్టీ కింద ఏముందో వేసినవాడికే తెలుసు.

అయితే లెక్క ముందే వేసుకోండి. ఇంజన్ పని, క్రాంక్, పెయింటు, క్రోము, వైరింగు, చక్రాలు, సైలెన్సర్, మీటరు, లైట్లు అన్నీ ఒక్కొక్కటిగా చిన్న ఖర్చులే. అన్నీ కలిస్తే బండి కొన్న ధర కంటే ఎక్కువ అవుతాయి. సగంలో ఆగిపోయిన బళ్లు షెడ్లలో చాలా ఉన్నాయి. పైగా డూప్లికేట్ భాగాల బాధ ఉండనే ఉంది. కొత్త రేకు ట్యాంకులు అచ్చం అసలు దానిలాగే వస్తున్నాయి, ఎత్తి చూస్తే తేలికగా ఉంటాయి. వాడటానికి అవి తప్పేమీ కాదు. వాటిని బిగించి "ఒరిజినల్" అని చెప్పి ధర పెంచడమే తప్పు.

రీస్టోర్ చేసినదే కొంటే, పని జరుగుతున్నప్పటి ఫొటోలు, బిల్లులు అడగండి. నిజంగా శ్రద్ధగా చేయించినవాడు అడక్కముందే చూపిస్తాడు.

కాగితాల విషయంలో ఏం జాగ్రత్త?

బండి కంటే ముందు చూడాల్సినవి కాగితాలే. సొంత వాహనాలకు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు. ఆ తరవాత ఫిట్‌నెస్ చూపించి ఐదేసి ఏళ్లకు రెన్యువల్ చేయించుకోవాలి. 1996తో ఆగిపోయిన బండి కాబట్టి ఇప్పుడున్న ప్రతి ఆర్‌ఎక్స్ 100కీ కనీసం మూడుసార్లు రెన్యువల్ జరిగి ఉండాలి. జరగకపోతే రెన్యువల్ రుసుముతో పాటు ఆలస్యానికి నెలల లెక్కన అదనం, గ్రీన్ ట్యాక్సు పడతాయి. కొత్త బండితో పోలిస్తే పాతదానికి రుసుమూ ఎక్కువే. ఈ మొత్తాన్ని ఆర్టీఓ ఆఫీసులో కనుక్కుని బేరంలోంచి తగ్గించండి.

పాత పుస్తకం ఆర్‌సీలు కొన్ని ఆన్‌లైన్‌లోకి ఎక్కనే లేదు. బండి నంబరు ప్రభుత్వ రవాణా వెబ్‌సైట్ పరివాహన్‌లో కొడితే వివరాలు రావాలి. రాకపోతే బ్యాక్‌లాగ్ ఎంట్రీ, అంటే పాత వివరాలను ఆన్‌లైన్‌లోకి ఎక్కించడం, చేయించాలి, దానికి అసలు ఆర్‌సీ చేతిలో ఉండాలి. "ఆర్‌సీ జిరాక్సు ఉందండీ, ఒరిజినల్ ఎక్కడో ఉంది" అన్న బండికి నేనైతే విడిభాగాల ధర తప్ప ఒక్క రూపాయి ఎక్కువ ఇవ్వను.

పేరు మార్పుకు ఫారం 29, ఫారం 30 మీద ఆర్‌సీలో ఉన్న యజమాని సంతకాలు కావాలి. పాత బళ్లు నలుగురైదుగురి చేతులు మారి, ఆర్‌సీ మాత్రం మొదటాయన పేరు మీదే ఉండిపోవడం మామూలు. ఆయన ఎక్కడున్నారో అమ్మేవాడికి తెలియకపోతే మీకు ముందుంది పెద్ద టెన్షన్. కర్ణాటక, తమిళనాడు నుంచి వచ్చిన బండైతే ఫారం 28, అంటే అక్కడి ఆర్టీఓ ఇచ్చే నిరభ్యంతర పత్రం (ఎన్‌ఓసీ) ఉండాలి, ఇక్కడ లైఫ్ ట్యాక్సు మళ్లీ కట్టాలి. పెండింగ్ చలాన్లు కూడా చూసుకోండి.

ఇంజన్, ఛాసిస్ నంబర్లను పెన్సిలుతో కాగితం మీద రుద్ది ఆర్‌సీతో పోల్చండి. అంకెలు ఒకే లోతులో, ఒకే వరసలో ఉండాలి. చుట్టూ గ్రైండింగ్ చేసిన నునుపు కనిపిస్తే అది దొంగబండి కావచ్చు, కొనకండి.

వింటేజ్ రిజిస్ట్రేషన్ చేయిస్తే ఈ బాధలన్నీ పోతాయని అంటున్నారు?

ఆర్‌ఎక్స్ 100కి అది ఇప్పుడు వర్తించదు. 2021లో కేంద్రం తెచ్చిన నిబంధన ప్రకారం 50 ఏళ్లు దాటి, అసలు రూపంలో ఉన్న బండికే వింటేజ్ గుర్తింపు. 1985 బండికి ఆ వయసు 2035లో వస్తుంది. పైగా కొత్తగా నమోదుకు 20 వేలు, పదేళ్లకోసారి రెన్యువల్‌కు 5 వేలు. ఆ నంబరుతో రోజూ ఆఫీసుకు తిరగడానికి వీల్లేదు.

రాజ్‌దూత్ 350కి నాలుగైదు లక్షలు, కొన్నిసార్లు ఇంకా ఎక్కువ చెబుతున్నారు. అది?

ఇక్కడ నా లెక్క మారుతుంది. ఆర్‌ఎక్స్‌లా ఇది వేలం వెర్రిగా అమ్ముడైన బండి కాదు. యమహా ఆర్‌డీ 350బీకి లైసెన్సు తీసుకుని ఎస్కార్ట్స్ 1983లో మొదలుపెట్టింది, ఎనభైల చివరికే ఆగిపోయింది. 347 సీసీ, రెండు సిలిండర్లు, ఆరు గేర్లు. అప్పటి మన రోడ్లకు అది మరీ వేగం, మన జేబుకు మరీ దాహం. మైలేజీ చూసి జనం దూరం జరిగారు. చాలా బళ్లు తుక్కుకు పోయాయి. మిగిలినవి నిజంగానే తక్కువ, అందుకే ఆ ధరకు ఆధారం ఉంది.

ఇందులో రెండు రకాలు. తొలినాటి హై టార్క్ బండి 30.5 హార్స్‌పవర్, తరవాతి లో టార్క్ బండి 27. హై టార్క్‌కే విలువ ఎక్కువ కాబట్టి లో టార్క్ బండిని అలా చెప్పి అమ్మేవాళ్లూ ఉంటారు. బాగా తెలిసిన మెకానిక్ బ్లాకులు, సైలెన్సర్లు చూసి చెప్పాలి, ఫొటోలు చూసి అడ్వాన్సు ఇచ్చే బండి కాదు.

అసలు జపాన్ ఆర్‌డీకి ముందు డిస్కు బ్రేకు ఉండేది, ఇక్కడ ఖర్చు తగ్గించడానికి డ్రమ్ము వేశారు. అంత వేగానికి ఆ బ్రేకు చాలదు. నడిపేటప్పుడు ఇది మనసులో పెట్టుకోండి. ఇంకొకటి, రెండు సిలిండర్లకు రెండు కార్బురేటర్లు, స్పార్కును సమయానికి వదిలే పాయింట్లు రెండు జతలు. రెండూ సమానంగా పని చేయాలి. ఒకటి తేడా కొట్టినా ఆ సిలిండర్ పిస్టన్ కాలిపోతుంది. మీ ఊళ్లో ఆర్‌డీ ట్యూనింగ్ తెలిసిన మెకానిక్ లేకపోతే ఐదు లక్షల బండి షెడ్లోనే ఉంటుంది.

ఇంత డబ్బు పెట్టలేను. తక్కువలో ఏమైనా ఉన్నాయా?

ఆర్‌ఎక్స్ 135 చూడండి. 132 సీసీ, తరవాతి సంవత్సరాల్లో ఐదు గేర్లతో కూడా వచ్చింది. ఆర్‌ఎక్స్ 100 మోజులో జనం దీన్ని కాస్త పక్కన పెట్టారు, ఇప్పుడు దీని ధర కూడా కదులుతోంది. టీవీఎస్ సుజుకి షోగన్ 110 సీసీలో 14 హార్స్‌పవర్ బండి, శబ్దమే వేరు, కానీ విడిభాగాల కోసం తిరగాలి. సమురాయ్ నెమ్మదస్తుడు, గట్టి బండి. కవాసకి బజాజ్ కేబీ 100 గురించి మంచిగా చెప్పేవాళ్లు పల్లెల్లో ఇప్పటికీ ఉన్నారు.

హీరో హోండా సీడీ 100 కూడా 1985 నాటి జపాన్ డిజైనే. దానికి క్లాసిక్ ధర చెబితే మాత్రం నవ్వి వచ్చేయండి. మంచి బండే, కానీ లక్షల్లో తయారైంది.

అమెరికాలో, ఇంగ్లండ్‌లో కూడా ఇంతేనా?

అక్కడ ఈ కథ ముందే నడిచింది. 1969లో హోండా సీబీ 750 వచ్చినప్పుడు అమెరికాలో ధర 1,495 డాలర్లు. నాలుగు సిలిండర్లు, ముందు డిస్కు బ్రేకు, బటన్ స్టార్టు, నూనె కారని ఇంజన్. అంతకుముందు ఆ ధరలో అవన్నీ ఒకచోట లేవు. లక్షల్లో అమ్ముడైంది, కాబట్టి చాలా ఏళ్ల పాటు దాన్ని ఎవరూ క్లాసిక్ అనుకోలేదు.

ఇప్పుడు ధర దేనికి పలుకుతోందో చూడండి. ఇంజన్ కేసులు గరుకుగా ఉండే మొదటి 7,414 బళ్లను శాండ్‌కాస్ట్ అంటారు. వాటి ధర, డెబ్బైల మధ్య వచ్చిన మామూలు సీబీ 750 ధరకు ఎన్నో రెట్లు. ప్రొడక్షన్‌కు ముందు చేసిన ఒక బండి 2018లో ఇంగ్లండ్ వేలంలో 1,61,000 పౌండ్లు పలికింది. కవాసకి జెడ్1 కూడా అంతే, 1972 చివర్లో వచ్చిన తొలి బళ్లకే పెద్ద ధర.

అక్కడున్న మనవాళ్లు నడపడానికి కొనాలనుకుంటే 1974 తరవాతి సీబీ 750, సీబీ 550 మంచి బేరం. విడిభాగాలు ఇప్పటికీ కొత్తవి దొరుకుతాయి. టైటిల్ లేని బండి జోలికి మాత్రం వెళ్లకండి, అది ఇక్కడ ఆర్‌సీ లేని బండితో సమానం.

రోజూ వాడుకోవచ్చా?

వాడుకోవచ్చు, కానీ రెండు సంగతులు. లీటరుకు ముప్ఫై ఐదు, నలభై కంటే ఎక్కువ ఆశించకండి. రెండు చక్రాలకూ డ్రమ్ము బ్రేకులే, కాబట్టి హైదరాబాద్ ఔటర్ పక్క సర్వీసు రోడ్డులో కార్ల వెనక అతుక్కుని నడిపే బండి కాదు ఇది.

ఇప్పుడు బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. పాత రబ్బరు పైపులు, కార్బురేటర్‌లోని సీళ్లు దానికి తట్టుకునేలా చేసినవి కావు. ఇథనాల్ తేమను కూడా లాక్కుంటుంది. పైపులు కొత్తవి వేయించండి, బండిని వారాల తరబడి ఆపేటప్పుడు కార్బురేటర్ గిన్నెలో పెట్రోలు వదిలేయకండి.

ఢమఢమ సైలెన్సర్ బిగించిన బండికి ఎక్కువ ఇవ్వాలా?

తక్కువ ఇవ్వాలి. టూ స్ట్రోక్‌లో సైలెన్సర్ లోపలి ఆకారం కూడా ఇంజన్‌లో భాగమే, అది మారితే లాగుడు పడిపోతుంది. పోలీసులు అలాంటి సైలెన్సర్లను రోడ్డు రోలర్ కింద తొక్కిస్తున్న సంగతి తెలిసిందే. అసలు సైలెన్సర్ కూడా ఇస్తేనే మాట్లాడండి.

ఇన్సూరెన్స్ దొరుకుతుందా?

థర్డ్ పార్టీ దొరుకుతుంది, అది తప్పనిసరి. బండి విలువకు ఇన్సూరెన్స్ మాత్రం కష్టం. ఐదేళ్లు దాటిన బండి విలువను కంపెనీ, మీరు మాట్లాడుకుని ఒప్పుకోవాలి. ఇంత పాత బండికి లక్ష విలువ కట్టడానికి చాలా కంపెనీలు ముందుకు రావు. బండి దొంగలు పడే రకం కాబట్టి ఇంట్లో లోపల పెట్టుకునే చోటు ఉందా అని ముందే చూసుకోండి.

పెట్టుబడిగా కొనొచ్చా?

వద్దు. పెట్టిన రిపేరు ఖర్చు, కాగితాల ఖర్చు కలిపితే లాభం మిగిలేది చాలా కొద్ది బళ్లకే. ఢిల్లీ ప్రాంతంలో 15 ఏళ్లు దాటిన పెట్రోలు బళ్ల మీద ఆంక్షలు వచ్చాక అక్కడి ధరలు ఏమయ్యాయో పాత బళ్ల వ్యాపారులను అడగండి. ఒక్క ప్రభుత్వ నిర్ణయంతో తారుమారయ్యే సరుకు మీద పిల్లల చదువు డబ్బు పెట్టకూడదు. ఆ ఇంజన్ శబ్దం అంటే ఇష్టమైతే, ఆదివారం పొద్దున నడపడానికి కొనుక్కోండి.

నాన్నగారి ఆర్‌ఎక్స్ 100 పదేళ్లుగా ఇంట్లోనే ఉంది. ఒకాయన వచ్చి నలభై వేలు ఇస్తానంటున్నాడు. ఇచ్చేయమంటారా?

ఇవ్వకండి, కనీసం ఇప్పుడే ఇవ్వకండి. ఒక్క యజమాని చేతిలో ఉన్న బండి, ఇంట్లోనే ఆర్‌సీ. పైన చెప్పిన అరుదైన బండి అదే. మీకు వద్దనుకున్నా, కదిలే స్థితికి తెచ్చి అమ్మితే ధర బాగా మారుతుంది. నాన్నగారు లేకపోతే ముందు ఫారం 31తో వారసుల పేరు మీదికి మార్పించండి. మిగతా వారసుల అంగీకారం కూడా కావాలి.

బండిని లేపే తొందరలో మాత్రం కిక్ కొట్టకండి. స్పార్క్ ప్లగ్ ఊడదీసి, ఆ కంతలోంచి నాలుగైదు చుక్కలు 2టీ ఆయిల్ వేసి ఒక రాత్రి వదిలేయండి. మర్నాడు ప్లగ్ లేకుండానే కిక్ రాడ్‌ను చేత్తో నెమ్మదిగా కదపండి. కదిలితే అదృష్టమే, రింగులు పట్టెయ్యలేదు. కదలకపోతే బలవంతం చేయకుండా మెకానిక్‌ను పిలవండి. పాత పెట్రోలు మొత్తం తీసేసి ట్యాంకు కడిగించండి. కార్బురేటర్ విప్పి జెట్లు శుభ్రం చేయించండి. గేర్ ఆయిల్ మార్చండి. పదేళ్లు ఎండిన క్రాంక్ సీళ్లు మొదటి వారంలోనే లీకవుతాయి కాబట్టి ఆ పని ముందే చేయించడం మేలు. పెయింటు జోలికి మాత్రం అస్సలు వెళ్లకండి. గీతలు పడి, వెలిసిపోయినా సరే, కంపెనీ వేసిన ఆ పెయింటు కోసమే రేపు కొనేవాడు ఎక్కువ ఇస్తాడు.